వెనక చక్రం దగ్గర హెల్మెట్

మూడు రాత్రులు కంటిమీద కునుకు లేని మనిషికి నాలుగో పొద్దున పని చెప్పేవాడు స్నేహితుడైనా శత్రువులాగే కనిపిస్తాడు. ఆ ఆదివారం పొద్దున ఆర్డిత్ వోండ్రాకి పని చెప్పినవాడు స్నేహితుడు కూడా కాదు. షెరీఫ్ గ్రాడీ పెల్టన్.

"గాలిమర మలుపు దగ్గరికి రండి," అన్నాడు ఫోన్లో. "మోటారుసైకిల్ దొరికింది. మనిషి దొరకలేదు."

పదకొండేళ్ళ కిందట అతనికి బేడీలు ఎలా వెయ్యాలో నేర్పింది ఆర్డిత్. పోయిన ఎన్నికల్లో అరవై ఒక్క ఓట్ల తేడాతో ఆమెనే ఓడించి వార్డెల్ కౌంటీకి షెరీఫ్ అయ్యాడు. ఆ కౌంటీకి ఉన్న ఒకే ఒక్క డిటెక్టివు ఆమె. యాభై ఎనిమిదేళ్ళ వయసు, వంగనని మొండికేసే కుడి మోకాలు, రాజీనామా రాసిపెట్టి సంతకం చెయ్యడానికి ఓపికలేక వదిలేసిన ఒక కాగితం, ఇవీ ఆమె ఆస్తులు. నెలరోజులుగా నాలుగు పశువుల కొట్టాల నుంచి దూడలు మాయమవుతున్నాయి. దొంగని పట్టుకుందామని మూడు రాత్రులు కారులో కూర్చుని చలికి వణికింది. దొంగ రాలేదు, జలుబు వచ్చింది. దానికి తోడు ఇప్పుడిది, గోరుచుట్టు మీద రోకటిపోటు.

ఆమె చేరేసరికి ఎనిమిదిన్నర. రోడ్డు పక్కన ఇసుక మెరకమీద ఒక పాత బూడిదరంగు మోటారుసైకిల్ సైడ్ స్టాండ్ మీద ఒరిగి నిలబడి ఉంది. వెనక టైరులో గాలి లేదు. వెనక చక్రానికి రెండడుగుల దూరంలో, నేలమీద, తెల్ల హెల్మెట్ బోర్లించి ఉంది.

ఆ హెల్మెట్ చూడగానే ఆర్డిత్ నడక ఆగిపోయింది. తొమ్మిదేళ్ళుగా ఆమె మోటారుసైకిల్ ఎక్కలేదు. కానీ ఒకప్పుడు ఆమె, భర్త లైల్ చెరో బండిమీద పదహారు రాష్ట్రాలు తిరిగారు. కొన్ని గుర్తులు ఎముకల్లో ఉండిపోతాయి.

కొండలమీద హెలికాప్టర్ చప్పుడు వినిపిస్తోంది. గ్రాడీ జీపు ముందు ఒక అమ్మాయి నిలబడి ఉంది. ముప్ఫై నాలుగేళ్ళుంటాయి. తండ్రి కోటేమో, మోకాళ్ళదాకా ఉంది.

"కోరిన్ టెగెన్," అని పరిచయం చేశాడు గ్రాడీ. "ఈవిడ నాన్నగారే కనిపించనిది. ఆర్లో టెగెన్, అరవై నాలుగేళ్ళు. రైలింజను డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. నిన్న పొద్దున ఆరింటికి అయోవా నుంచి బయల్దేరారు, ఒంటరిగా. అలాస్కా వెళ్ళి రావాలని. నలభై రోజుల ప్రయాణం."

"మొదటి రోజే," అంది కోరిన్.

"నాన్న చివరిసారి ఎప్పుడు మాట్లాడారమ్మా?" అడిగింది ఆర్డిత్.

"మాట్లాడరు. బండి ఆపిన చోటల్లా మీటరు ఫోటో తీసి పంపిస్తారు. అదే మా ఒప్పందం. ఫోటో వస్తే బతికున్నట్టు, రాకపోతే పోలీసులకి ఫోన్ చెయ్యమన్నారు, నవ్వుతూ." ఫోన్ చూపించింది. "నిన్న అయిదు ఫోటోలు వచ్చాయి. ఆఖరిది కట్లర్ ఊళ్ళో పెట్రోలు పోయించుకున్నప్పుడు, మధ్యాహ్నం మూడూ యాభై రెండుకి. ఆ తర్వాత రాత్రి ఎనిమిదీ పదికి ఈ మెసేజ్."

'అలసిపోయాను. ఇక్కడే ఆగుతున్నాను. గుడ్ నైట్.' ఫోటో లేదు.

"ఇది మా నాన్న రాసింది కాదండీ," అంది కోరిన్. "షెరీఫ్‌గారికి చెప్తే పెద్దాయన అలసిపోయుంటాడంటారు. ముప్ఫై ఎనిమిదేళ్ళు రైలు నడిపిన మనిషి. నిద్రలో లేపి అడిగినా సిగ్నలు నంబరు చెప్తారు. ఫోటో మర్చిపోరు."

"ఫోనుకి తాళం ఉందా?"

"పెట్టుకోవడం చేతకాదు ఆయనకి. ఇంకో సంగతి. నాన్నకి షుగర్. పూటపూటా ఇన్సులిన్ పడాలి. డబ్బా బండి పెట్టెలోనే ఉంది, చూశాను. నిన్న పొద్దుటిది ఒక్కటే వాడారు. రాత్రిది లేదు, ఇవ్వాళ పొద్దుటిదీ లేదు." బండి పెట్టె వైపు చూసింది. "ఇంకో పూట గడిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. నేను నర్సుని."

ఆర్డిత్ గడియారం చూసుకుంది. సాయంత్రం దాకా టైముందని తనకి తనే చెప్పుకుంది. ఉందో లేదో ఆమెకీ తెలీదు.

బండిని మొదట చూసినవాడు మెర్ల్ హోడ్జిన్. ఈ రోడ్డుకి కట్లర్ వైపు, ఇక్కడికి ఇరవై మైళ్ళలో ఉంటుంది అతని ఇల్లు. ఆర్డిత్‌కి ముప్ఫై ఏళ్ళుగా తెలిసినవాడు. లైల్ శవపేటిక మోసిన ఆరుగురిలో ఒకడు. తెల్ల పికప్ ట్రక్కు తలుపు తెరిచి, కాళ్ళు బయటికి వేలాడేసుకుని, ఫ్లాస్కులోంచి కాఫీ పోస్తున్నాడు. పికప్ వెనక పశువుల ట్రైలర్ తగిలించి ఉంది.

"ఏమ్మా ఆర్డిత్, దెయ్యంలా ఉన్నావు. చక్కెర వెయ్యనా?"

"రెండు చెంచాలు వెయ్యి. ఎన్నింటికి చూశావు దీన్ని?"

"ఆరుకి పది నిమిషాలుంది. ఇక్కడ పశువుల తొట్టిలో నీళ్ళు పడుతున్నాయో లేదో చూద్దామని వచ్చా. హెడ్‌లైట్ల వెలుగులో బండి కనిపించింది."

"ముట్టుకున్నావా?"

"నాకేం పని? దిగి కేకేశా, జవాబు లేదు. పడమటివైపు అడుగుజాడలు కనిపించాయి. గ్రాడీ వచ్చేలోపు గాలి లేచి ఊడ్చేసింది."

"నిన్న మధ్యాహ్నం ఎక్కడున్నావు?"

మెర్ల్ పెద్దగా నవ్వాడు. "నన్నే అడుగుతున్నావా? ఇంట్లోనే. కంచె బాగుచేసుకుంటున్నా. సాక్ష్యం కావాలంటే నా కుక్కనడుగు."

"అందర్నీ అడుగుతా. అలవాటు. ఆ ట్రైలరేంటి, పెళ్ళికూతురిలా మెరిసిపోతోంది?"

"దూడలకి పారుడు రోగమొస్తే కడగమన్నాడు డాక్టరు. కడిగీ ఏం లాభం! తొమ్మిదింటిని దొంగవెధవలు ఎత్తుకుపోయారు, మిగిలినవి అమ్మేశా. నా కొట్టంలో ఒక్క దూడ లేదిప్పుడు, అరుపు వినక చెవులు బోసిపోయాయి. నువ్వేమో మూడు రాత్రులు కాపలా కాశావు. ఏం పట్టుకున్నావు, జలుబా?"

ఆర్డిత్‌కి నవ్వొచ్చింది. పుస్తకంలో టైములు రాసుకుంది, 'ట్రైలర్ కడిగాడు' అని కూడా రాసింది. రాశాక దానిగురించి ఆలోచించాలి. ఆలోచించడానికి బుర్రలో చోటు లేదు. వేడి కాఫీ గొంతు దిగుతుంటే ఆ నిమిషానికి అంతకంటే గొప్పపని లోకంలో లేదనిపించింది.

"ఆ పిల్లని చూడు," అన్నాడు మెర్ల్ గొంతు తగ్గించి. "రాత్రంతా కారు నడిపిందట. నిలబడే తూలుతోంది. మా ఇంట్లో సోఫా ఉంది, రెండు గుడ్లు వేసి పెడతా. ఏదన్నా తెలిస్తే అక్కడికే ఫోన్ చెయ్యి."

"మంచిమాట," అన్నాడు గ్రాడీ, వింటూనే ఉన్నవాడల్లే.

కోరిన్ కదల్లేదు. ఆర్డిత్ వైపు చూసింది.

"వెళ్ళు తల్లీ," అంది ఆర్డిత్. "ఒక గంట నడుం వాల్చు. మెర్ల్ మనవాడే. నీ నంబరు నా దగ్గరుంది, ముందు నీకే చేస్తాను."

తెల్ల పికప్ వెళ్ళేటప్పటికి తొమ్మిదీ అయిదు.

*

"సరే, చెప్పు," అంది ఆర్డిత్ షెరీఫ్ వైపు తిరిగి. "నీ లెక్క ఏంటి?"

"ఇందులో లెక్కేముంది? టైరులో మేకు దిగింది. ఇక్కడ ఆగాడు. కాసేపు చూశాడు, ఎవరూ రాలేదు. కూతురు కంగారుపడుతుందని మెసేజ్ పెట్టాడు. దూరంగా దీపమేదో కనిపించి పడమటికి నడిచాడు. షుగర్ మనిషి, కళ్ళు తిరిగి పడిపోయుంటాడు. హెలికాప్టర్ పదకొండు దాకా మనది, పడమటి కొండలు వెతుకుతోంది. జిల్లా మొత్తానికీ ఉన్నది అదొక్కటే."

"హెల్మెట్?"

"తీసి కిందపెట్టాడు. తలమీద పెట్టుకుని నడుస్తాడా ఏంటి?"

"మోటారుసైకిల్ నడిపేవాడు హెల్మెట్‌ని ఇసుకలో పెట్టడు నాయనా. సీటుమీద పెడతాడు, చంకలో పెట్టుకుంటాడు, అవసరమైతే పక్కలో వేసుకుని పడుకుంటాడు. నేలమీద, వెనక చక్రం దగ్గర పెట్టాడంటే ఒకటే అర్థం. నాకు సాయం కావాలి, ఎవరైనా ఆగండి అని. కార్లవాళ్ళకి తెలీదు, బండివాళ్ళందరికీ తెలుసు."

"ఇంకేం, నేననేదీ అదేగా! సాయం కోసం చూశాడు, రాలేదు, నడిచాడు."

ఆర్డిత్ మోకాలు పట్టుకుని, మూలిగి, బండి పక్కన చతికిలబడింది. సైడ్ స్టాండ్ కాలు ఇసుకలోకి నాలుగు వేళ్ళ లోతు దిగబడిపోయింది. ఇంకో గాలి విసురుకి బండి పడిపోయేలా ఉంది. హ్యాండిల్‌కి ఒక సన్నతాడు వేలాడుతోంది. దాని చివర అరచేయంత గుండ్రటి ప్లాస్టిక్ బిళ్ళ.

"ఇదేంటో తెలుసా?"

"తాళంచెవుల గొలుసు?"

"మెత్తటి నేలమీద బండి ఆపితే స్టాండు దిగబడకుండా దానికింద వేసే బిళ్ళ. బండి దిగకముందే తాడు పట్టుకుని జారవిడుస్తారు. నీకు జీపు దిగగానే బెల్టు పైకి లాక్కోవడం ఎంత అలవాటో, వీళ్ళకిది అంత అలవాటు. చూడు, దీని అంచులెలా అరిగాయో. ఏళ్ళ తరబడి వాడుతున్నాడు. ఇంత ఇసుకలో ఎందుకు వెయ్యలేదు?"

గ్రాడీ చెయ్యి తెలీకుండానే బెల్టు మీదకి వెళ్ళి, ఠక్కున వెనక్కొచ్చింది. "అలసిపోయి మర్చిపోయుంటాడు."

"ఈ కేసులో అందరూ అలసిపోయినవాళ్ళే, మర్చిపోయినవాళ్ళే. ఆ తాళం తిప్పు."

బండి తాళం దానికే ఉంది. గ్రాడీ తిప్పాడు. మీటరు వెలిగింది. 41,298.

ఆర్డిత్ తన ఫోన్లో కోరిన్ పంపిన ఆఖరి ఫోటో తెరిచి అతని ముక్కుకింద పెట్టింది. 41,286.

"కట్లర్ పెట్రోలు బంకు నుంచి ఇక్కడికి ఎన్ని మైళ్ళు?"

"ముప్ఫై ఒకటి," అన్నాడు గ్రాడీ. వెంటనే అన్నాడు, తర్వాత మళ్ళీ మీటరు వైపు చూశాడు.

"బండి నడిచింది పన్నెండు. మిగతా పందొమ్మిది మైళ్ళూ ఎలా వచ్చింది, రెక్కలు కట్టుకునా?"

"మీటరు పాడైపోయుండొచ్చు."

"నిన్నంతా అయిదు చోట్ల సరిగ్గా చూపించిన మీటరు ఇక్కడికొచ్చేసరికి పాడైందా? వంగి చూడు. నా మోకాలు వంగదు, నీది వంగుతుందిగా. కాలుపెట్టే చోట, బయటి పక్కన ఏముంది?"

అతను వంగి చూశాడు. ఎండిన పేడ, దానికి అతుక్కుని రెండు గడ్డిపోచలు.

"ఆర్డిత్, ఈ కౌంటీలో నా చెప్పులకీ పేడే ఉంటుంది."

"చెప్పుకి కింద ఉంటుంది. దీనికి పక్కన, కాలుపెట్టే చోట రాసుకుని ఉంది. ఈ బండిని పడుకోబెట్టారు, పశువుల ట్రైలర్లో. ఆర్లో టెగెన్ కట్లర్ దాటాక పన్నెండో మైలు దగ్గర ఆగాడు. బిళ్ళ వేశాడు, హెల్మెట్ వెనక పెట్టాడు. ఎవరో ఆగారు. మనిషినీ బండినీ ఎక్కించుకున్నారు. తర్వాత బండి ఒక్కదాన్నే తెచ్చి ఇక్కడ దింపారు. బిళ్ళ సంగతి వాడికి తెలీదు. కానీ హెల్మెట్ నేలమీద ఉండటం కళ్ళారా చూశాడు. కనక చూసింది చూసినట్టు మళ్ళీ అలాగే పెట్టాడు."

గ్రాడీ లేచి చేతులకంటిన ఇసుక దులుపుకున్నాడు.

"చక్కటి కథ," అన్నాడు గ్రాడీ. మొహం ఎర్రబడింది. "ట్రైలర్ లేని ఇల్లు ఈ కౌంటీలో ఒక్కటి చూపించండి. రెండు వందల ఇళ్ళు సోదా చెయ్యమంటారా, ఆదివారం నాడు, ముగ్గురు మనుషులతో? ఒక ప్లాస్టిక్ బిళ్ళని నమ్ముకుని హెలికాప్టర్ని వెనక్కి పిలవనా? ఆయన ఆ కొండల్లో పడి ఉండి చచ్చిపోతే? ఆ అమ్మాయికి మీరు చెప్తారా?"

"కొండల్లో లేడని చెప్తున్నాగా!"

"మీరు మూడు రాత్రులుగా నిద్రపోలేదు. కళ్ళు చూసుకున్నారా? మీకు ప్రతిచోటా ట్రైలర్లే కనిపిస్తున్నాయి."

"పోనీ ఆయన ఫోన్ లెక్కలైనా తెప్పించు. మూడూ యాభై రెండు తర్వాత ఎవరికి చేశాడో చూద్దాం."

"రాశాను. రేపు పంపిస్తారట. మీరు చెప్పేదాకా తోచదనుకుంటున్నారు చూడండి, అదే మీ జబ్బు. అందుకే ఆ అరవై ఒక్క ఓట్లు పోయాయి."

ఆ మాట అన్నాక అతనికీ సిగ్గేసినట్టుంది, జీపు వైపు నడిచాడు. ఆర్డిత్‌కి కోపం రావాలి, రాలేదు. కోపానికి కూడా కాస్త ఓపిక కావాలి.

*

బండి ట్యాంకు మీద అయస్కాంతంతో అతుక్కున్న సంచి ఉంది. ఇంటికి పోయి పడుకోవాలా, దాన్ని చూడాలా అని ఒక నిమిషం తర్జనభర్జన పడి, సంచి జిప్పు లాగింది.

మడతపెట్టిన మ్యాపు. సగం తిన్న వేరుశనగ పలుకుల పొట్లం. కళ్ళద్దాలు. అడుగున, వానకి తడవకుండా సంచిలో చుట్టిన చిన్న పుస్తకం. అట్టమీద ఈ సంవత్సరం అచ్చు వేసి ఉంది.

ఆ పుస్తకాన్ని ఆర్డిత్ తెరవకుండా చేతిలో అటూ ఇటూ తిప్పింది. పాత చుట్టం కనబడితే పలకరించాలో వద్దో తెలియనట్టు. మోటారుసైకిలిస్టుల సంఘం ఏటా వేసే పుస్తకమది. అందులో పేర్లుండవు, ఇంటి చిరునామాలుండవు. ఊరి పేరు, ఒక ఫోన్ నంబరు, పక్కన చిన్న చిన్న బొమ్మలు. రెంచీ బొమ్మ ఉంటే పనిముట్లు ఇస్తారని, మంచం బొమ్మ ఉంటే పడకిస్తారని, కప్పు బొమ్మ ఉంటే కాఫీ ఇస్తారని. దారిలో చిక్కుపడ్డవాడు ముక్కూమొహం తెలియనివాళ్ళకి ఫోన్ చేస్తాడు. వాళ్ళు అర్ధరాత్రైనా లేచి వస్తారు. ఎవరూ ఎవరికీ బాకీ ఉండరు.

ఫోన్ లెక్కలు రేపు వస్తాయి. కానీ ఆర్లో టెగెన్ ఎవరికి ఫోన్ చేశాడో ఈ పుస్తకం ఇప్పుడే చెప్తుంది. ఆర్డిత్ వేళ్ళు ఒక్కసారిగా చురుకైనాయి. తమ రాష్ట్రం, నెబ్రాస్కా పేజీ మూల మడిచి ఉంది. పెన్సిలుతో ఒక వరస కింద గీత. వార్డెల్ కౌంటీకి ఉన్నది ఒక్కటే నంబరు. పక్కన రెంచీ, మంచం, కప్పు, మూడూ ఉన్నాయి.

జేబులోంచి ఫోన్ తీసి నంబరు కొట్టడం మొదలుపెట్టింది. మొదటి మూడంకెలు, తర్వాతి మూడంకెలు. ఏడో అంకె దగ్గర వేలు ఆగిపోయింది.

ఆ నంబరు ఆమెదే.

పద్నాలుగేళ్ళ కిందట వంటింట్లో కూర్చుని లైల్ ఆ ఫారం నింపాడు. "మంచం బొమ్మ కూడా పెట్టమంటావా?" అని అడిగితే, "మూడూ పెట్టు, పోయేదేముంది," అంది ఆమె. ఎంతమంది వచ్చారో ఆ ఇంటికి! తడిసి ముద్దయినవాళ్ళు, చెయిన్ తెగినవాళ్ళు, ఊరికే మాటల కోసం వచ్చినవాళ్ళు. తర్వాత ఒక సాయంత్రం జింక అడ్డమొచ్చింది. లైల్ పోయాడు, ఆమెకి మోకాలు పోయింది. బండ్లు అమ్మేసింది, దుస్తులు దానం చేసింది. పుస్తకంలోంచి పేరు తీసెయ్యమని సంఘానికి ఒక ఉత్తరం రాయాలి. రాయకపోతే ఏటా అచ్చవుతూనే ఉంటుంది. రాద్దాం, రాద్దాం అనుకుంది. కొత్త నంబర్ల నుంచి ఫోన్లు వస్తే ఎత్తడం మానేసింది, అదే సులువనిపించింది.

మిస్డ్ కాల్స్ తెరిచింది. నిన్న, నాలుగూ ఇరవై. అయోవా నంబరు.

గుర్తుంది. బాగా గుర్తుంది. మోకాలిమీద ఐసు సంచి పెట్టుకుని కుర్చీలో ఉంది. ఫోన్ మోగితే చూసి, బోర్లా తిప్పి పెట్టింది. అది మోగుతూనే ఉంటే, "ఛీ, ప్రశాంతంగా కూర్చోనివ్వరు," అని పైకే అంది.

వినని వాయిస్ మెసేజీలు పద్నాలుగున్నాయి. అన్నిటికంటే పైది నొక్కింది.

"అమ్మా, లేకపోతే అయ్యా, ఎవరో తెలీదు. పుస్తకంలో మీ నంబరు చూసి చేస్తున్నా. నా పేరు ఆర్లో. ఇవ్వాళే బయల్దేరానండీ, అలాస్కాకి. మొదటి రోజే మేకు దిగింది, మా అమ్మాయికి తెలిస్తే నవ్వుతుంది. కట్లర్ దాటి పన్నెండు మైళ్ళొచ్చా. హెల్మెట్ వెనక పెట్టి కూర్చున్నా. కంగారేం లేదు. ఓ కప్పు కాఫీ దొరికితే చాలు, మిగతాది మెల్లిగా చూసుకుందాం. ఆ, ఉండండి, ఎవరో ఆగారు. తెల్ల పికప్. వెనక ట్రైలరూ ఉంది, అదృష్టం చూడండి." గొంతు ఫోనుకి కాస్త దూరమైంది, నవ్వుతూ ఎవరితోనో అంటోంది. "అబ్బో, ఇన్ని దూడలే! ఒక్కో దూడ మీద ఒక్కో యజమాని ముద్రేంటయ్యా, ఊరందరి దూడలూ నీ దగ్గరే ఉన్నట్టున్నాయే!"

గాలి, దూడల అరుపులు.

తర్వాత ఇంకో గొంతు. "ఫోన్ జేబులో పెట్టెయ్, పెద్దాయనా. ముందు బండి ఎక్కిద్దాం."

మెసేజ్ అయిపోయింది.

ఆ రెండో గొంతుని ఆర్డిత్ ముప్ఫై ఏళ్ళుగా ఎరుగును. ఇందాక రెండు చెంచాల చక్కెర వేసింది ఆ గొంతే. పన్నెండో మైలు దగ్గర రోడ్డు దిగే మట్టిదారి ఒక్కటే, అది పోయేది ఒక్క ఇంటికే.

"గ్రాడీ!" అని కేకేసింది. ఆ కేకకి జీపులో ఉన్నవాడు పరుగెత్తుకొచ్చాడు. ఏమీ చెప్పకుండా ఫోన్ అతని చెవికి ఆనించింది. అతని మొహంలో రంగు మెట్టుమెట్టుగా దిగిపోవడం చూసింది. చూసి సంతోషించలేదు.

"ఇది... ఇది ఎవరికి చేసిన ఫోన్?" అన్నాడు.

"నాకు. నేను ఎత్తలేదు." పుస్తకంలో తన నంబరు చూపించింది. "ఎత్తుంటే పావుగంటలో అక్కడుండేదాన్ని. ఇప్పుడు ఏడవడానికి టైము లేదు. వాళ్ళు వెళ్ళి ఎంతసేపైంది?"

గ్రాడీ గడియారం చూశాడు. "యాభై నిమిషాలు. హెలికాప్టర్ని..."

"పిలువు, కానీ ఆ ఇంటిమీదకి పంపకు. చప్పుడు వింటే వాడేం చేస్తాడో తెలీదు. ఉండు, మాట్లాడకు."

కోరిన్ నంబరు నొక్కింది. ఒకటో రింగు. రెండు. మూడు. నిన్న నాలుగూ ఇరవైకి ఆ ఇసుకలో కూర్చున్న ముసలాయన ఇలాగే లెక్కపెట్టుకుని ఉంటాడు. నాలుగు. ఎత్తు తల్లీ, ఎత్తు.

అయిదో రింగుకి ఎత్తారు.

"ఏమ్మా ఆర్డిత్?" అన్నాడు మెర్ల్, తాపీగా. "పిల్ల ఇప్పుడే పడుకుంది. లేపమంటావా?"

అతని గొంతు వెనక, దగ్గరలోనే, తల్లుల నుంచి విడదీసిన దూడలు అరుస్తున్నాయి. ఒకటీ రెండూ కాదు, కొట్టం నిండా.

గ్రాడీ చెయ్యి తుపాకీ మీదకి పోయింది. ఆర్డిత్ కళ్ళు మూసుకుంది. మూడు రాత్రుల నిద్రలేమి, తొమ్మిదేళ్ళ విసుగు, అన్నీ గొంతులోనే ఉన్నాయి, నటించాల్సిన అవసరం రాలేదు.

"వద్దులే మెర్ల్," అంది ఆవలిస్తూ. "ఇక్కడేం తేలలేదు. ఇంకాసేపు కొండల్లో వెతికి నేనూ ఇంటికి పోతున్నా. పడుకోనీ పాపం."

"నువ్వూ పడుకో ఆర్డిత్," అన్నాడు మెర్ల్. "మరీ అలసిపోయినట్టున్నావు."

"అవును," అంది. ఫోన్ పెట్టేసి, మోకాలి సంగతి మర్చిపోయి, జీపు వైపు పరుగెత్తింది.